బీఏలో చేరుతున్న మేనకోడలికి

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్ రెండో విడతలో నీకు బీఏ సీటు వచ్చిందని, అదీ మూడేళ్లూ కలిపి రెండు వందల మంది కూడా లేని చిన్న కాలేజీలో అని చెప్పాడు. ఆ గొంతులో సంతోషం కన్నా దిగులే ఎక్కువ వినిపించింది. "అక్కా, బీఏ చేస్తే రేపు ఏమొస్తుంది?" అని అడిగాడు. అలాంటి కాలేజీలోనే ఇరవై ఎనిమిదేళ్లు ఎకనామిక్స్ చెప్పినదాన్ని. ఫోనులో రెండు మాటలతో తేల్చే ప్రశ్న కాదది. అందుకే నీకు రాస్తున్నాను. చదివి నాన్నకూ వినిపించు.

ముందు ఆయన ప్రశ్నకే జవాబు చెబుతాను. బీఏ పట్టా ఒక్కటే చేతిలో పెట్టుకుని వెళ్తే పిలిచి ఉద్యోగం ఇచ్చేవాళ్లు తక్కువ. చిన్న కాలేజీల గేటు ముందు కంపెనీలు బారులు తీరవు. ఈ సంగతి దాచి నీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ నా దగ్గర చదివిన పిల్లల్లో స్థిరపడినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు మిగతావాళ్ల కన్నా తెలివైనవాళ్లేమీ కాదు. తమకు తోచింది సొంత మాటల్లో రాసి, ఎవరికైనా చూపించి, దిద్దించుకునే అలవాటు వాళ్లకు ఉండేది. ఆ దిద్దే మనిషి దొరకడమే చిన్న కాలేజీలో నీకున్న ఆస్తి. క్లాసులో వంద మంది ఉంటే ఏ లెక్చరరూ నీ పేజీ చదవలేరు. ఇరవై మందే ఉంటే చదవగలరు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పరకాల వైపు ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చేది. కాలేజీ తలుపులు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేది. గైడులో ఉన్న జవాబు పొల్లుపోకుండా అప్పగించేది. అందులో తన మాట ఒక్కటీ ఉండేది కాదు. ధరల పాఠం జరుగుతున్నప్పుడు, "మీ ఇంట్లో పంట అమ్మిన చీటీ ఉంటే పట్టుకురా" అన్నాను. మర్నాడు నాలుగు మడతలు పెట్టిన తక్‌పట్టీ, అంటే మార్కెట్లో రైతుకిచ్చే అమ్మకం చీటీ, తెచ్చింది. ఏనుమాముల మార్కెట్లో వాళ్ల నాన్న మిర్చి అమ్మినప్పటిది. మడతల దగ్గర కాగితం చిరగడానికి సిద్ధంగా ఉంది, ఒక మూల పసుపు మరక. బస్తాలు, తూకం, క్వింటాలు ధర, దాని కింద కమీషన్, బస్తాలు మోసే హమాలీ, తూకం వేసే దడువాయి అంటూ కోతలు, అన్నిటికీ అడుగున రైతు చేతికి వచ్చిన డబ్బు. "ఈ ఒక్కో పద్దు ఎవరికి పోతుందో, ఎందుకు పోతుందో రాసి చూపించు" అన్నాను.

మొదటిసారి రాసిన పేజీలో సగానికి పైగా గైడు వాక్యాలే. ఎర్ర సిరాతో కొట్టేసి ఇచ్చాను. రెండోసారీ కొట్టేశాను. మూడోసారి తెచ్చినదానిలో ఈ వాక్యం ఉంది: "కమీషన్ ధరను బట్టి పోతుంది, హమాలీ బస్తాను బట్టి పోతుంది, కాబట్టి ధర పడిపోయిన ఏడాది కమీషన్ తగ్గినా హమాలీ తగ్గదు." ఏ గైడులోనూ లేని వాక్యం అది. ఆ పిల్ల తన కళ్లతో చూసి కనిపెట్టింది. స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించాను. తర్వాత ఆమె ఎంఏ ఎకనామిక్స్ చేసింది. ఇప్పుడు ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో అమ్మకాల పని చూస్తోంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ తక్‌పట్టీ గురించే పావుగంట మాట్లాడానని నాకు ఫోను చేసి చెప్పింది.

కాబట్టి నువ్వు వారానికి ఒక పేజీ రాయి. చేత్తోనే రాయి. అంశం క్లాసులో విన్నదైనా కావచ్చు, ఊళ్లో చూసినదైనా కావచ్చు. శుక్రవారం నాడు తీసుకెళ్లి నీకు నచ్చిన లెక్చరర్ ముందు పెట్టు. మొదటిసారి "తర్వాత చూద్దాం" అంటారు. ఏమీ అనుకోకుండా మళ్లీ వెళ్లు. చిన్న కాలేజీల్లో గెస్టు లెక్చరర్లు చాలామంది ఉంటారు, వాళ్లను తక్కువగా చూడకు. తాము కూడా పోటీ పరీక్షలు రాస్తున్నవాళ్లు వాళ్లలో ఎక్కువ. ఏ పేపరు ఎలా వస్తోందో నాలాంటి రిటైరైనవాళ్ల కన్నా వాళ్లకే బాగా తెలుసు. మొదటి ఏడాది తెలుగులోనే రాయి. ఆలోచన కుదిరాక, మూడో సెమిస్టరు నుంచి అదే పేజీని ఇంగ్లిషులోనూ రాయి. ఇంగ్లిషు భయం పోవడానికి నేను పిల్లలతో చేయించి ఫలితం చూసిన పద్ధతి ఇదే.

నీ గ్రూపులో హిస్టరీ ఉందన్నాడు నాన్న. వరంగల్‌లో ఉంటూ హిస్టరీని నోట్సులో చదవడం నాకు మనసొప్పని పని. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం ఉంది. కాకతీయులు స్వతంత్రులైన కథకు అది ముఖ్యమైన ఆధారం. 1213 నాటి రామప్ప గుడి పాలంపేటలో ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది దానికే. మీ క్లాసు మొత్తం ఒక్క బస్సులో పడుతుంది. సార్‌ను అడిగి తీసుకెళ్లమనండి, వచ్చాక ఆ వారం పేజీ దాని మీదే రాయి.

హాజరు డెబ్బై అయిదు శాతానికి తగ్గనివ్వకు. స్కాలర్‌షిప్‌కు ఈ-పాస్ వెబ్‌సైట్‌లో ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. ఆదాయ ధ్రువపత్రానికి మీ సేవలో ముందే దరఖాస్తు పెట్టు.

ఇక డిగ్రీ తర్వాత సంగతి. ఎంఏకు సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. కాకతీయ, ఉస్మానియా వంటి మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అదే దారి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కావాలనుకుంటే సీయూఈటీ పీజీ. టీచరు కావాలంటే ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఎడ్, ఆపైన టెట్, డీఎస్సీ పరీక్షలు. లాసెట్ రాస్తే మూడేళ్ల లా కోర్సు. మన పిల్లలు లా గురించి ఆలోచించనే ఆలోచించరు, అది నాకు ఎప్పుడూ బాధే. బీఏ చదివినవాళ్లకు అంత దగ్గరి చదువు ఇంకొకటి లేదు.

ప్రభుత్వ ఉద్యోగాల పోటీ పరీక్ష గ్రూప్-2 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ నాన్న మనసు అక్కడే ఉంది. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. చరిత్ర, రాజకీయ వ్యవస్థ, ఆర్థిక వ్యవస్థ, తెలంగాణ ఉద్యమం... నీ మూడు సబ్జెక్టులూ అందులోనే ఉన్నాయి. అందుకని ఇప్పటి నుంచి శ్రద్ధగా చదివింది ఏదీ వృథా పోదు. కానీ డిగ్రీ కాగానే హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో గది తీసుకుని, ఇంకే పనీ లేకుండా కూర్చోవడానికి నేను ఒప్పుకోను. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. ఆ రెండేళ్లలో ఒక బీఎడ్ పూర్తవుతుంది, లేదా ఒక ఎంఏ. చేతిలో ఒక చదువో పనో ఉంచుకుని పరీక్ష రాసినవాళ్లు, ఉద్యోగం రాకపోయినా కుంగిపోలేదు. ఖాళీగా కూర్చుని రాసిన పిల్లలు కొందరు ముప్ఫై దాటాక మా ఇంటికి వచ్చి, ఏం చేయమంటారు మేడం అని అడిగారు. వాళ్ల ముఖాలు నేను మరిచిపోలేదు.

వచ్చే శనివారం ఇక్కడికి రా. హనుమకొండలో 1904లో పెట్టిన శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది కదా, అక్కడికి తీసుకెళ్తాను. తెలుగు అకాడమీ ఎకనామిక్స్ పుస్తకాలు నా బీరువాలో ఉన్నాయి, అవీ పట్టుకెళ్లు. వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఏదైనా పాత తక్‌పట్టీ దొరుకుతుందేమో వెతుకు. దాని మీద ఒక పేజీ రాసి తీసుకురా. ఎంత తప్పులతడకగా ఉన్నా సరే, భోజనాలయ్యాక కూర్చుని ఇద్దరం దిద్దుదాం.

ఇట్లు
నీ మేనత్త