వెండి చుక్కల పరీక్ష నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చివరి ఏడాదిలో ఉంది. ఇంటర్న్‌షిప్‌లో వెండితో జన్యువును చూపించే ‘సిష్’ పరీక్ష చూసినప్పటి నుంచి అదే నేర్చుకుంటానంటోంది. దానికోసం ఫీజు కట్టి షార్ట్‌టర్మ్ కోర్సులో చేర్పించమంటారా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అమ్మాయికి మంచి పని మీదే మనసు పడింది. అయితే ఆ ఒక్క పరీక్ష కోసం కోర్సుకు డబ్బు కట్టకండి.

రొమ్ము క్యాన్సర్ ముక్కకు ముందు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీలతో ప్రొటీన్‌కు రంగు పట్టించే పరీక్ష) చేసి, కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా ఉండే హెర్2 ప్రొటీన్ ఎంతుందో చూస్తారు. రంగును బట్టి 3+ వస్తే పాజిటివ్, 0, 1+ అయితే నెగెటివ్. చిక్కంతా 2+ దగ్గరే. హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ అనే మందు పనికొస్తుందో లేదో తేలక ఆ రోగి ఎదురుచూస్తూ ఉంటుంది. అప్పుడిక జన్యువునే లెక్కపెట్టాలి. సిష్‌లో ప్రోబ్ (ఆ జన్యువుకు జతపడే డీఎన్ఏ ముక్క) వెళ్లి హెర్2 జన్యువుకు అతుక్కుంటుంది. దాన్ని పట్టుకున్న యాంటీబాడీల వెంట వచ్చిన ఎంజైమ్, వెండి అయాన్లను అక్కడికక్కడే లోహంగా మారుస్తుంది. అదే నల్ల చుక్క. రెండు రంగుల డ్యూయల్ సిష్‌లో, హెర్2 జన్యువు ఉండే 17వ క్రోమోజోమ్‌కు ఎర్ర చుక్క కూడా పడుతుంది. కనీసం 20 కణాలు లెక్కపెడతారు. నల్లవి ఎర్రవాటికి రెండింతలు, ఆపైన ఉండి, కణానికి సగటున 4కు తగ్గకపోతే పాజిటివ్. ఇదే లెక్కను మెరిసే రంగులతో చేసే ‘ఫిష్’ పరీక్షకైతే ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కావాలి, వెలుగు కూడా మెల్లగా మసకబారుతుంది. వెండి చుక్క అలా చెరిగిపోదు, మామూలు మైక్రోస్కోప్‌లోనే కనిపిస్తుంది.

ఇందులో ప్రోబ్, వెండి పని చాలా ల్యాబుల్లో మెషిన్‌దే. చుక్కలు చూసి రిపోర్టుపై సంతకం పెట్టేది పాథాలజిస్టు. అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చదివినవారు. ఈ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి, తర్వాత తెలిసి బాధపడకూడదు.

మరి మీ అమ్మాయి చేయి ఎక్కడ పడుతుందంటే, అంతకుముందు. ముక్క చెడకుండా దాన్ని 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ ద్రవంలో 6 నుంచి 72 గంటలు ఉంచాలి. ఆలస్యంగా వేసినా, ముందే తీసేసినా చుక్కలు సరిగా పడవు. ఎముకలోకి పాకిన క్యాన్సర్ ముక్కను ఘాటు యాసిడ్‌లో మెత్తబరిస్తే డీఎన్ఏ చెడిపోతుంది. మైనంలో బిగించిన ముక్కను (బ్లాకును) మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద 4 మైక్రాన్ల పలుచటి పొరగా, మడత లేకుండా కోయాలి. ఇది చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఈ పని వచ్చిన టెక్నీషియన్ ఏ హిస్టోపాథాలజీ (శరీర కణజాలాన్ని పరీక్షించే) ల్యాబ్‌లోనైనా పనికొస్తారు. సిష్ ఒక్కటే వస్తే ఆ మెషిన్ ఉన్నచోటే పని.

అందుకని డిగ్రీ అవగానే రోజూ బ్లాకులు కోసే పెద్ద ల్యాబ్‌లో ఏడాది రెండేళ్లు చేయనివ్వండి, మొదట జీతం కాస్త తక్కువైనా సరే. ఆ తర్వాత ఎంఎస్సీ ఎంఎల్‌టీలో హిస్టోపాథాలజీ తీసుకోవచ్చు. మనసు జన్యువుల మీదే ఉంటే ఎంఎస్సీ జెనెటిక్స్ ఉంది, ఉస్మానియాలో ఆ విభాగం ఉంది. ఎంఎల్‌టీ వాళ్లకు అర్హత ఉందో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఈలోగా ఇంటర్న్‌షిప్ చేస్తున్న చోట చుక్కలు పడక మళ్లీ చేయాల్సి వచ్చిన కేసులు ఏవో, ఎందుకలా అయిందో సీనియర్ టెక్నీషియన్‌ను అడిగి ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి.