నడక పరీక్ష ఆగుతుంది, ముందు తలకు స్కాన్ తీయించండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా నాన్నగారికి 61 ఏళ్లు. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి కాలు, చెయ్యి పడిపోయాయి. తేరుకుని కర్ర సాయంతో నడుస్తున్నారు. కానీ కాలు బయటికి తిప్పి వేస్తారు, పాదం ఈడుస్తారు. నెల కిందట కాలవ రేవు మెట్ల మీద జారిపడితే తలకు బొప్పి కట్టింది. అప్పటినుంచి నడుం నొప్పికి మందుల షాపు బిళ్లలు వాడుతున్నాం. పది రోజులుగా నడక ఇంకా తగ్గింది, మగతగా ఉంటున్నారు. ఒంటినిండా సెన్సార్లు పెట్టి నడక కొలిచే పరీక్ష ఉందట. చేయించమంటారా?

జవాబు: పరీక్ష సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ పడటం, ఈ పది రోజుల మగత. ఐదో నెలలో నడక కొంచెం కొంచెంగా మెరుగవ్వాలి, లేదా ఉన్నచోటే ఉండాలి. వెనక్కి పోతోందంటే కారణం వెతకాల్సిందే.

మీరు రాయలేదు గానీ, నాన్నగారు ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మందు వాడుతూనే ఉండొచ్చు. అలాంటివారికి తలకు చిన్న దెబ్బ తగిలినా పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం మెల్లగా చేరి, రెండు మూడు వారాలు దాటాక బయటపడొచ్చు. పైన బొప్పి ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. ఇది మరో స్ట్రోకూ కావచ్చు, రక్తంలో సోడియం తగ్గడమో ఇన్ఫెక్షనో కావచ్చు. మనిషిని చూడకుండా ఇదీ అని చెప్పలేను. అమలాపురమో కాకినాడో, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి ఈరోజే తీసుకెళ్లండి. పడిన సంగతి అక్కడ మొదటే చెప్పండి. వాంతులు, ఫిట్స్, మాట తడబడటం, లేపినా లేవకపోవడం ఉంటే 108కి ఫోన్ చేయండి. రక్తం పల్చబరిచే మందు మీ అంతట మీరు ఆపొద్దు. ఆ నిర్ణయం స్కాన్ చూసిన డాక్టరుది.

ఇక ఆ బిళ్లలు. నా ఓపీలో రోజూ చూస్తాను. కవరులోంచి కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు తీస్తారు, మందు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయి ఉంటుంది. ఏం మింగారో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావొచ్చు, బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. పక్షవాతం వచ్చిన మనిషికి బీపీ పెరగడమంటే మాటలు కాదు. నొప్పి ఉందని నెల రోజులు షాపు చుట్టూ తిరిగారు, ఒక్కసారి డాక్టరుకు చూపించాల్సింది కదా! ఆ బిళ్లలు ఇవాళే మానేయించి, మిగిలినవి ఆసుపత్రికి పట్టుకెళ్లండి.

స్కాన్‌లో ఏమీ లేదని తేలితే నడక పరీక్ష ఆలోచించవచ్చు. కీళ్ల దగ్గర మెరిసే చిన్న గోళీల్లాంటివి అతికించి చుట్టూ కెమెరాలతో తీస్తారు. పాదం ఎంత బరువు మోపుతోందో నేలలోని పలకలు చెబుతాయి. ఇంట్లోవాళ్లం పాదమే చూస్తాం. కాలు ఎత్తడానికి తుంటి పైకి లేస్తోందా, నడుం ఎటు ఒరుగుతోంది, చెయ్యి ఊగుతోందా, అన్నీ కలిపి చూడాలి. పాదం వాలడం కండరం బలహీనతవల్లా, పిక్క బిగుసుకుపోవడంవల్లా అన్నది తేలితే వైద్యం మారుతుంది. మొదటిదానికి పాదాన్ని నిలబెట్టే పట్టీ సరిపోవచ్చు, రెండోదానికి బిగువు తగ్గించే ఇంజెక్షన్ కావాల్సి రావచ్చు. అయితే పరీక్ష కొలుస్తుందంతే, నడిపించదు. నడిపించేది ఫిజియోథెరపీ. అది మధ్యలో మానేశారేమో అని నా అనుమానం.

పరీక్ష దొరక్కపోయినా నష్టం లేదు. డాక్టరు నడవొచ్చన్నాక, ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద 10 మీటర్లు గీత గీసి, పక్కన ఒకరు ఉండి, మామూలు నడకకు ఎన్ని సెకన్లు పడుతుందో రాయండి. గీతకు రెండు మీటర్లు ముందునుంచే నడక మొదలుపెట్టించాలి. 25 సెకన్లు దాటితే ఆ నడక ఇంటి వరకే అని, 12 లోపు వస్తే బయట తిరగగలరని స్థూలంగా లెక్కేస్తాం. వారానికోసారి చాలు. తలనుంచి పాదం దాకా కనిపించేలా ముందునుంచి, పక్కనుంచి ఫోన్లో వీడియో తీయండి. ఆయన హవాయి చెప్పులు తిరగేసి చూడండి. కుడి చెప్పు ముందుభాగం అరిగితే వేళ్లు నేలకు రాసుకుంటున్నట్టే, గడప దగ్గర మళ్లీ పడతారు. వెనక పట్టీ ఉన్నవి కొనివ్వండి. పాతజత మాత్రం ఫిజియోథెరపిస్టుకు చూపించేదాకా పారేయొద్దు.