తోట మిషన్ల గేర్‌బాక్సులు: మీ ప్రశ్నలకు జవాబులు

కోకో, కొబ్బరి తోటల్లో కొమ్మలు కత్తిరించే మిషన్లు, గట్ల మీద పొదలు కొట్టే స్లాషర్ల గురించి వచ్చిన ప్రశ్నలివి. అడిగినవన్నీ చివరికి గేర్‌బాక్సు దగ్గరికే వచ్చాయి కాబట్టి ఒకేచోట జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కొబ్బరిలో అంతరపంటగా మూడెకరాల కోకో ఉంది. 52 సీసీ బ్రష్ కట్టర్‌కి ఒకసారి రంపం బిళ్ల, ఒకసారి పోల్ సా (పొడవాటి గొట్టం చివర ఉండే చెయిన్ రంపం) తగిలించి వాడుతున్నాం. ఏడాదిలో రెండు గేర్ హెడ్లు (గొట్టం చివరి గేర్‌బాక్సులు) పోయాయి. షాపులో మూడు రకాలు చూపిస్తున్నారు, ధరల్లో చాలా తేడా ఉంది. ఏం చూసి కొనమంటారు?
– ఒక రైతు, అంబాజీపేట

జవాబు: కొత్తది కొనేముందు పోయిన రెండింటినీ విప్పి చూడండి. ఎలా పోయాయో తెలియకుండా కొంటే మూడోది కూడా అదే దారి పడుతుంది.

పినియన్ (ఇంజను వైపు షాఫ్టుకుండే చిన్న గేరు) మీద ఒకటి రెండు పళ్లు మొదలంటా విరిగి, మిగతా పళ్లు కొత్తవాటిలా ఉంటే దెబ్బ తగిలి పోయిందన్నమాట. 52 సీసీ ఇంజను ఒకటిన్నర కిలోవాట్ల శక్తినిస్తుందనుకుంటే, నిమిషానికి 7000 చుట్ల దగ్గర షాఫ్టు మీద ఉండే మెలితిప్పే బలం (టార్కు) 2 న్యూటన్ మీటర్లే. హెడ్డులో వేగం తగ్గాక బిళ్ల దగ్గర అది 3 లోపు. ఇంత చిన్న బలానికి ఏ గేరూ విరగదు. తిరుగుతున్న బిళ్ల కొబ్బరి మొదలుకో, గడ్డిలో కనపడని రాటకో తగిలి ఠక్కున ఆగినప్పుడు మాత్రం క్లచ్ జారేలోపే షాఫ్టు, క్లచ్ డ్రమ్ముల ఊపంతా రెండు పళ్ల మీద పడుతుంది. విరిగేది అప్పుడే.

పళ్లన్నీ సమానంగా అరిగి, అంచులు కత్తిలా పదునెక్కి, గ్రీజు నల్లగా ఉండి వేళ్ల మధ్య గరగరలాడితే గ్రీజు చాలక, ఇసుక దూరి పోయినట్టు. లంక భూముల్లో వాడే మిషన్లలో ఇది మామూలు. బేరింగు గోళీలు తుప్పుపట్టి, గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు దిగాయి. డెల్టాలో ఎక్కువ హెడ్లను తినేది ఈ నీరే. పని అయిపోయాక వేడి మీదున్న హెడ్డును బోదెలో ముంచి కడగడం మనకు అలవాటు. చల్లటి నీళ్లు తగలగానే లోపలి గాలి కుంచించుకుని, సీలు (షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగు) పెదవి సందులోంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. అరగంట ఆగి, తడిగుడ్డతో తుడిచినా ఆ హెడ్డు ఇంకో సీజను నడుస్తుంది.

మీ తోటకు సంబంధించి ఇంకోటి చూడండి. బిళ్ల తీసి, పై వాషరు కింద కొబ్బరి పీచు చుట్టుకుని ఉందేమో గమనించండి. తాడులా పేనుకుపోయిన పీచు తిరుగుతూ తిరుగుతూ సీలు రబ్బరును కోసేస్తుంది. గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి పోవడం ఆ తర్వాతే మొదలవుతుంది. ట్యాంకు పెట్రోలు అయిన ప్రతిసారీ బిళ్ల విప్పి పీచు తీయడానికి రెండు నిమిషాలు చాలు. బిళ్ల నట్టు ఎడమ మరది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియక ఎదురువైపు తిప్పి, ఇంకా బిగించి మర పాడుచేసుకున్నవాళ్లు చాలామంది.

ఇక కొనేటప్పుడు. ముందు కొలతలు: గొట్టం బయటి వ్యాసం వెర్నియర్‌తో చూడండి, సాధారణంగా 26 లేదా 28 మి.మీ. ఉంటుంది. షాఫ్టు చివర గాడి పళ్లు లెక్కపెట్టండి, ఎక్కువగా 7 గానీ 9 గానీ ఉంటాయి. పాత హెడ్డు తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడడం అన్నిటికంటే నయం. క్రౌను (బిళ్ల షాఫ్టుకుండే పెద్ద గేరు) పళ్ల సంఖ్యను పినియన్ పళ్ల సంఖ్యతో భాగిస్తే నిష్పత్తి వస్తుంది. అది పాతదానికి దగ్గరగా ఉండాలి.

తర్వాత చేత్తో పరీక్ష. కింది షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ కదపండి, ఏమాత్రం ఆడకూడదు. మెల్లగా తిప్పితే గేర్ల మధ్య వెంట్రుకవాసి ఖాళీ తెలియాలి, ఎక్కడా పట్టినట్టు ఉండకూడదు. కింది షాఫ్టుకు పైనొకటి, కిందొకటి రెండు బేరింగులున్నదే తీసుకోండి. కింది బేరింగు రెండువైపులా రబ్బరు మూతలున్న టూఆర్‌ఎస్ రకమై, దాని కింద విడిగా ఆయిల్ సీలు కూడా ఉండాలి. బిళ్ల పై వాషరు గిన్నెలా వంగి సీలును కప్పేలా ఉంటే పీచు లోపలికి చేరడం కష్టం. చదునైన వాషరున్న చౌక హెడ్లలో ఈ రక్షణ ఉండదు.

గేర్ల లోహం కంటికి కనపడదు. మంచివి కేస్ హార్డెనింగ్ చేసిన అల్లాయ్ స్టీలువి (20 ఎంఎన్‌సీఆర్ 5, ఈఎన్ 353 వంటివి), పంటి పైపొర గట్టిదనం 58 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ ఉంటుంది, లోపలి భాగం కొంచెం మెత్తగా ఉండి దెబ్బను ఓర్చుకుంటుంది. షాపులో కొత్త గేరు మీద ఆకురాయి పెట్టనివ్వరు, కాబట్టి మీ పాత గేరు మీద పెట్టి చూడండి. జారిపోతే ఆ కంపెనీ సరుకు మంచిది, దెబ్బ వల్లో నీటి వల్లో పోయింది. కొరికితే ఆ రకం మళ్లీ కొనకండి.

ఆఖరిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: క్రౌను, పినియన్ జత విడిగా అమలాపురంలోనో రాజమండ్రిలోనో దొరుకుతుందో లేదో అడగండి. దొరకని హెడ్డు ఎంత గట్టిదైనా వద్దు. మార్చినప్పుడు జతగానే మార్చాలి, అరిగిన క్రౌను మీద కొత్త పినియన్ వేస్తే కొత్తదీ పోతుంది.

బిగించేటప్పుడు షాఫ్టు గాడులకు గ్రీజు రాయండి. గొట్టం మీదున్న చిన్న రంధ్రంలోకి హెడ్డు మీది చిన్న బోల్టు కచ్చితంగా దిగిందని చూసుకున్నాకే పెద్ద బోల్టులు బిగించండి. అది దిగకపోతే హెడ్డు నెమ్మదిగా ముందుకు జరిగి, గాడులు సగమే పట్టి, గుండ్రంగా అరిగిపోతాయి. గేర్లు బాగున్నా బిళ్ల తిరగదు.

పోల్ సాలో చెయిన్ ఆయిల్ ట్యాంకు చెయినుకు మాత్రమే. హెడ్డులోని గేర్లకు గ్రీజు వేరుగా పెట్టాలి. రంపం బిళ్లతో తల కంటే ఎత్తున్న కొమ్మలు ఎప్పుడూ కొట్టకండి. గేరు మాట అలా ఉంచి, మనిషికే ప్రమాదం.

ప్రశ్న: రొయ్యల చెరువుల గట్లు, కొబ్బరి వరసల మధ్య పొదలు కొట్టడానికి స్లాషర్ చేయించుకుంటున్నాను. ట్రాక్టరు 45 హెచ్‌పీ. ఫ్యాబ్రికేషన్ షెడ్డులో 40 హెచ్‌పీ గేర్‌బాక్సు చాలంటున్నారు. సరేనా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: చాలదు. 45 హెచ్‌పీ ట్రాక్టరులో పీటీవో (వెనక తగిలించే యంత్రాలకు శక్తినిచ్చే షాఫ్టు) దగ్గరికి సుమారు 38 హెచ్‌పీ వస్తుందనుకుందాం, అంటే 28.35 కిలోవాట్లు. దాన్ని 9550తో గుణించి, పీటీవో వేగమైన నిమిషానికి 540 చుట్లతో భాగిస్తే దాదాపు 501 న్యూటన్ మీటర్లు. లోడు ఒకేలా ఉండే పంపుకైతే 40 హెచ్‌పీ బాక్సు సరిపోయేది. స్లాషర్ బ్లేడు మట్టిగడ్డకీ, మొద్దుకీ తగులుతూనే ఉంటుంది, కాబట్టి కనీసం ఒకటిన్నర రెట్లు లెక్కేయాలి. 38ని ఒకటిన్నరతో గుణిస్తే 57. మీకు కావలసింది 60 హెచ్‌పీ బాక్సు. ఆ 60 అన్నది 540 చుట్ల దగ్గరి రేటింగేనా అని ప్లేటు మీద చూడండి. 1000 చుట్ల దగ్గర రాసిన 60కి, 540 దగ్గర రాసిన 60కి గేర్లలో చాలా తేడా ఉంటుంది.

నిష్పత్తి 1:1.93 ఉన్న బాక్సు పెడితే బ్లేడు షాఫ్టు నిమిషానికి సుమారు 1042 చుట్లు తిరుగుతుంది. ఒళ్లు పోత ఇనుముదై ఉండాలి. షాఫ్టులకు టేపర్ రోలర్ బేరింగులు, పక్కన లెవెల్ ప్లగ్గు, కింద అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్గు, పైన బ్రీదరు (లోపలి గాలి వచ్చిపోయే రంధ్రం) ఉన్నవి ఎంచుకోండి. బ్రీదరు మట్టితో మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి నూనె సీళ్లలోంచి కారుతుంది, చల్లబడ్డాక తేమను లోపలికి పీలుస్తుంది.

గేర్‌బాక్సును కాపాడేది షియర్ బోల్టు (లోడు ఎక్కువైతే ముందుగా తెగేది) లేదా స్లిప్ క్లచ్ (లోడు ఎక్కువైతే జారేది). బోల్టు తెగిందని విసుక్కుని ఇంకా గట్టిరకం బోల్టో, చేతికి దొరికిన ఇనప కడ్డీయో పెట్టడం మన దగ్గర రోజూ జరిగేదే. కంపెనీ చెప్పింది ఎం10, 8.8 గ్రేడ్ అయితే అదే పెట్టండి, పది బోల్టులు టూల్‌బాక్సులో ఉంచుకోండి. తెగని బోల్టు పెడితే తెగేది పినియనే. స్లిప్ క్లచ్ అయితే వానల్లో దాని బిళ్లలు తుప్పుతో అతుక్కుపోతాయి. సీజను మొదట్లో నట్లు వదులుచేసి, రెండు మూడు సెకన్లు జారనిచ్చి, మళ్లీ చెప్పిన కొలతకే బిగించండి.

పీటీవో షాఫ్టు పొడవు కూడా గేర్‌బాక్సుల్ని చంపుతుంది. లిఫ్టు పైకెత్తి దించుతూ చూడండి. బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా రెండు గొట్టాల చివర్లో రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి, దూరమైనప్పుడు మూడో వంతైనా ఒకదానిలో ఒకటి ఉండాలి. ఖాళీ లేకపోతే షాఫ్టు గునపంలా పినియన్‌ను లోపలికి పొడుస్తుంది, ముందు బేరింగు పోతుంది, వెనకే గేరు.

నూనె 80డబ్ల్యూ-90 ఈపీ (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే) గేర్ ఆయిల్. నేల చదునుగా ఉన్నచోట లెవెల్ ప్లగ్గు రంధ్రం దాకా పోయండి, అంతకంటే ఎక్కువ వద్దు. మొదటి 50 గంటలకు మార్చండి, ఆపైన 250 గంటలకోసారి. గంటలు నిండకపోయినా వానలు వెనకబట్టాక ఒకసారి మార్చడం మంచిది, లోపల చేరిన తేమ ఆ నూనెతోనే బయటికి పోతుంది.

చెరువు గట్ల మీద ఇంకో సంగతి. పక్షులు రాకుండా కట్టే నైలాన్ దారం, చిరిగిన వల ముక్కలు బ్లేడు షాఫ్టుకు చుట్టుకుంటాయి. ఆ వేడికి నైలాన్ కరిగి సీలు పెదవికి అంటుకుంటుంది, చల్లబడితే రాయిలా గట్టిపడుతుంది. ప్రతి పూటా పీటీవో తీసేసి, ఇంజను ఆపి, కిందికి ఇనప దిమ్మల దన్ను పెట్టాకే చూడండి.

ప్రశ్న: నర్సరీలో హెడ్జ్ ట్రిమ్మర్ అరగంటకే గేర్ కేసు ముట్టుకోలేనంత వేడెక్కుతోంది. గ్రీజు బాగా దట్టించాం. అయినా తగ్గలేదు.
– కడియం నుంచి

జవాబు: బాగా దట్టించడమే ఒక కారణం కావచ్చు. కేసు నిండా గ్రీజు ఉంటే గేర్లు దాన్ని చిలకడానికే శక్తి ఖర్చుపెట్టి వేడెక్కుతాయి, ఎక్కువైనది బ్లేడుల మీదికి తన్నుకొస్తుంది. మూడింట రెండొంతులు చాలు. లిథియం ఈపీ-2 వాడండి. వేరే రకం గ్రీజు మీద ఇది కలపొద్దు, పాతదంతా కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టాకే పెట్టండి. ఆ తర్వాత 20-25 గంటలకోసారి కొద్దికొద్దిగా.

రెండో కారణం బ్లేడులు. మొండివైనా, బిగువు ఎక్కువైనా రాపిడి వేడంతా గేర్ కేసుకే చేరుతుంది. బ్లేడు స్క్రూలు పూర్తిగా బిగించి, పావు నుంచి అర చుట్టు వెనక్కి వదిలి, లాక్‌నట్టు వేయండి. మందార, డురాంటా కొమ్మల జిగురు బ్లేడుల మధ్య ఎండిపోతుంది, సాయంత్రం పనయ్యాక కిరోసిన్ గుడ్డతో తుడిచి నూనె రాయండి.

ప్రశ్న: వరదకు షెడ్డులో ఉన్న స్లాషర్, బ్రష్ కట్టర్ రెండు రోజులు మునిగాయి. పైకి బాగానే ఉన్నాయి. నడపొచ్చా?
– ఒక లంక రైతు, పి.గన్నవరం దగ్గర

జవాబు: లోపలి నీళ్లు తీసేదాకా తిప్పి చూడొద్దు, చేత్తో కూడా. గోదావరి ఎర్రనీళ్లలో ఉండే సన్నటి ఒండ్రు బేరింగుల్లో చేరి ఉంటుంది, తిప్పితే అది సానరాయిలా పనిచేస్తుంది.

స్లాషర్ డ్రెయిన్ ప్లగ్గు విప్పండి. నూనె కంటే నీళ్లు బరువు కాబట్టి ముందు నీళ్లే వస్తాయి. తర్వాత డీజిల్ సగం దాకా పోసి, పీటీవో షాఫ్టును చేత్తో నెమ్మదిగా పది చుట్లు తిప్పి, తీసేయండి. డీజిల్ తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు చేయండి. కొత్త నూనె పోసి లోడు లేకుండా పది నిమిషాలు నడిపి, వేడి మీదే ఆ నూనె కూడా తీసేయండి. అది తెల్లగా కనిపిస్తే ఇంకోసారి. ఇంత నూనె వృథా అనిపిస్తుంది గానీ గేర్ల జత ధర ముందు అది చిన్నది. సీళ్లు మార్చేయండి. బేరింగులో గరగర వినిపిస్తే దాన్నీ మార్చండి.

బ్రష్ కట్టర్ హెడ్డును మాత్రం పూర్తిగా విప్పాల్సిందే. బేరింగు అంచు మీద నంబరు ఉంటుంది (6202 అంటే లోపల 15, బయట 35, మందం 11 మి.మీ.), ఆ నంబరు చెబితే ఏ బేరింగుల షాపులోనైనా దొరుకుతుంది. మునిగిన బేరింగును కడిగి మళ్లీ వేయకండి.

ప్రశ్న: సముద్రం గాలికి అల్యూమినియం గేర్ కేసు మీద తెల్లటి పొడి వస్తోంది, బోల్టులు ఊడడం లేదు. ఇనప కేసే నయమా?
– అంతర్వేది

జవాబు: స్లాషర్ లాంటి బరువైన వాటికి పోత ఇనుమే నయం. తుప్పు పైపైనే ఉంటుంది, ఎపాక్సీ ప్రైమరు మీద పెయింటు వేస్తే ఆగుతుంది. చేతిమిషన్లకు బరువు కోసం అల్యూమినియం తప్పదు. ఉప్పు తేమలో అల్యూమినియం, వేరే లోహం కలిసి ఉన్నచోట అల్యూమినియమే తినుకుపోతుంది, ఆ తెల్ల పొడి అదే. తుప్పు పట్టవని స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తే ఇది ఇంకా పెరుగుతుంది. జింకు పూత బోల్టులే వేసి, మరలకు గ్రీజు రాసి బిగించండి. నెలకోసారి ఒక్కొక్కటే వదులుచేసి మళ్లీ బిగిస్తే పట్టేయవు.

ఇప్పుడు పట్టేసినవి బలవంతంగా తిప్పొద్దు, తల తెగుతుంది. తుప్పు వదిలే నూనె చుక్కలు వేసి రాత్రంతా ఉంచి, మర్నాడు బోల్టు తల మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి, కొంచెం బిగించే వైపు, కొంచెం వదిలే వైపు మార్చిమార్చి తిప్పండి. అయినా కేసు మర ఊడొస్తే కేసు పారేయక్కర్లేదు, లేత్ షెడ్డులో హెలికాయిల్ (మరలోకి ఎక్కించే స్టీలు తీగ చుట్ట) వేయిస్తే ఆ మర కొత్తదానికంటే గట్టిగా పట్టుకుంటుంది.