వైన్ లిస్టు రాయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

హోటల్లో వైన్ లిస్టు తిరగరాసే పని నీకు అప్పజెప్పారనీ, ద్రాక్షల పేర్లన్నీ కలగాపులగం అయిపోతున్నాయనీ రాశావు. అవుతాయి మరి. మన బంగినపల్లినే బేనీషా అంటారు, ఢిల్లీ బజారులో సఫేదా అంటారు. తోతాపురి ఒకచోట బెంగళూరా, ఇంకోచోట కలెక్టర్. కాయ ఒక్కటే. వైన్ ద్రాక్షదీ అదే వరస, కాకపోతే అక్కడ దేశాలూ భాషలూ కూడా మారతాయి.

ముందు ఒక లావుపాటి నోటుబుక్కు కొను. పేరుకో పేజీ పెట్టకు, ద్రాక్షకో పేజీ పెట్టు. పైన ఒక పేరు, దాని పక్కనే పండు రంగు. కింద మూడు గడులు గీయి: ఏ పేరు, ఏ ప్రాంతం, సీసా మీద ఎలా ఉంటుంది.

మొదటి పేజీ టెంప్రానియో అనే నల్ల ద్రాక్షకి ఇవ్వు, ఇది వస్తే సగం పని అయినట్టే. స్పెయిన్‌లోని రియోహాలో దీన్ని టెంప్రానియో అనే అంటారు. రిబెరా దెల్ దువేరోలో టింటో ఫినో. టోరోలో టింటా దె టోరో. లా మంచాలో సెన్సిబెల్. కాటలోనియాలో ఉల్ దె యేబ్రె, అంటే కుందేలు కన్ను. పోర్చుగల్‌లో దోరు లోయకు వెళ్తే టింటా రోరిజ్, ఇంకా దక్షిణాన అలెంతెజులో అరగోనెజ్. ఏడు పేర్లు, తీగ ఒక్కటే. (దువేరో, దోరు కూడా ఒకే నది, సరిహద్దు దాటగానే పేరు మారుతుంది!) ‘తెంప్రానో’ అంటే స్పానిష్‌లో పెందలాడే అని. పక్కనున్న రకాల కంటే ముందే పండుతుంది కాబట్టి ఆ పేరు. ఇలా అర్థంతో రాసుకుంటే మర్చిపోవు.

గ్రెనాష్, మూర్వెద్ర్ పేజీలు చిన్నవే. గ్రెనాష్ స్పెయిన్‌లో గర్నాచా, ఇటలీ దీవి సార్డీనియాలో కన్నొనావ్. మూర్వెద్ర్ స్పెయిన్‌లో మొనాస్ట్రెల్, ఆస్ట్రేలియాలో మటారో.

ఒకే ద్రాక్ష కదా అని లిస్టులో అన్నిటికీ ఒకే పేరు రాసెయ్యకు. గెస్టు ముందు సీసా పెట్టినప్పుడు లేబుల్ మీద వేరే పేరుంటే వేరే సరుకు తెచ్చారనుకుంటారు. లేబుల్ మీదున్న పేరు ముందు, తెలిసిన పేరు తర్వాత రాయి. పైగా పేరును బట్టి రుచి ఎలా ఉంటుందో కూడా కొంత తెలుస్తుంది. ఇటలీ పినో గ్రిజియో ఎక్కువగా తేలిగ్గా, పుల్లపుల్లగా ఉంటుంది. అదే ద్రాక్షతో ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో చేసే పినో గ్రీ చిక్కగా, ఒక్కోసారి తియ్యగా కూడా ఉంటుంది. సిరా, షిరాజ్ కూడా ఒకే ద్రాక్ష. ఆస్ట్రేలియా వాళ్లు షిరాజ్ అంటారు, మన నాసిక్ సీసాల మీదా ఎక్కువగా అదే కనబడుతుంది.

అసలు దెబ్బతినేది ఒకే పేరు రెండు ద్రాక్షలకు ఉన్నచోట. ఫ్రాన్స్‌లోని కాయోర్‌లో మాల్బెక్ అనే నల్ల ద్రాక్షను ఓసెర్వా అంటారు. అల్సాస్‌లో ఓసెర్వా అంటే తెల్ల ద్రాక్ష. అందుకే పేరు పక్కన రంగు రాయమన్నది. వెల్ష్‌రీస్లింగ్‌కు రీస్లింగ్‌తో చుట్టరికమే లేదు. కాలిఫోర్నియా పెటీట్ సిరా ‘చిన్న సిరా’ కాదు, డ్యూరిఫ్ అనే వేరే రకం. సిరాకు బిడ్డ వరస, అంతే.

వీటన్నిటికంటే ఎక్కువ తికమక మోంటెపుల్చానోతో. అది టస్కనీలో ఒక ఊరు, ఒక ద్రాక్ష కూడా. ‘వీనో నోబిలే ది మోంటెపుల్చానో’ అని ఉంటే అది ఊరి పేరు, లోపలున్నది ప్రధానంగా సాంజోవేజె అనే ద్రాక్ష. ‘మోంటెపుల్చానో ద’అబ్రుట్జో’ అని ఉంటే అది ద్రాక్ష పేరు. రెంటికీ ఒకే వివరం రాశావా, ఇటలీ గురించి కాస్త తెలిసిన గెస్టు ఇట్టే పట్టేస్తాడు. బరోలో, షాబ్లీ కూడా ఊళ్లే: బరోలో సీసాలో ఉండేది నెబ్బియోలో ద్రాక్ష, షాబ్లీ సీసాలో షార్డొనే ద్రాక్ష.

పొరపాటు తోటలోనే మొదలవుతుందని చూపడానికి చిలీ చాలు. అక్కడ మెర్లో అనుకుని పెంచిన తీగల్లో చాలావరకు కార్మెనేర్ అని 1994లో ఫ్రెంచి నిపుణుడు జాన్ మిషెల్ బుర్సికో గుర్తుపట్టాడు. కార్మెనేర్ మెర్లో కంటే వారాల తరబడి ఆలస్యంగా పండుతుంది. రెంటినీ ఒకేసారి కోసేయడంతో పండని కార్మెనేర్ వల్ల వైన్‌కు పచ్చి క్యాప్సికం వాసన వచ్చేది.

లేబుల్ మీద ఒక్క ద్రాక్ష పేరే ఉంటే మొత్తం అదేననుకోకు. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో 85 శాతం ఉంటే చాలు, అమెరికాలో మామూలుగా 75. గెస్టుతో ‘నూటికి నూరూ ఇదే’ అనాలంటే వెనక లేబులో, తయారీదారు వివరాల పత్రమో చూసి అను.

అనుమానం వస్తే జర్మనీలోని జూలియస్ క్యూన్ సంస్థ నడిపే వీఐవీసీ అనే ద్రాక్ష రకాల జాబితాలో వెతుకు. డబ్బు కట్టక్కర్లేదు. పండు రంగు, తల్లిదండ్రుల రకాలు, మారుపేర్లు అన్నీ ఉంటాయి. ఒక్కటి గుర్తుంచుకో, వాళ్ల ప్రధాన పేరు నీకు అలవాటైనదే కానక్కర్లేదు. మాల్బెక్ అక్కడ ‘కోట్’ కింద, జిన్‌ఫండెల్ ‘ట్రిబిద్రాగ్’ కింద ఉంటాయి. కంగారుపడకుండా మారుపేర్లలో చూడు.

వారానికి ఐదు పేజీలు చాలు. మొదటి ఐదూ అయ్యాక ఫోటో తీసి పంపు. మాల్బెక్ పేజీలో ఓసెర్వా పక్కన రంగు రాశావో లేదో ముందు అదే చూస్తాను.

ఇట్లు,
మామయ్య