బలంతో తేలని పేచీ: సూపర్‌హీరో కథ రాస్తున్న యువ రచయితకు లేఖ

కర్నూలు

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, నువ్వు ప్రొద్దుటూరు నుంచి పంపిన స్క్రీన్‌ప్లే ఆసాంతం చదివాను. నంద్యాల మార్కెట్ యార్డులో బస్తాలు మోసే కుర్రవాడికి అతిమానుషమైన బలం రావడం, దాన్ని అతను కొన్నాళ్లు ఎవరికీ తెలియనివ్వకుండా తోటి హమాలీల మధ్య మామూలుగానే తిరగడం, చివరికి పాణ్యం దగ్గర మడిలో కలుపు తీస్తున్న తల్లికి మాత్రం చెప్పుకోవడం, ఈ భాగమంతా చక్కగా కుదిరింది. కథానాయకుడి గురించి నేను చెప్పవలసింది పెద్దగా లేదు. నా బాధంతా విలన్ గురించే. శ్రీశైలం ఆనకట్టను పేల్చేస్తానని బెదిరించే ఆ మనిషి నీ స్క్రిప్టు నిండా కనిపిస్తాడు, కనిపించిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని చంపుతాడు, పగలబడి నవ్వుతాడు. అయినా కాగితాలు పక్కన పెట్టిన తర్వాత అతని తాలూకు ఆనవాలు ఒక్కటి కూడా నా మనసులో మిగలలేదు. ఇంత మంచి నాయకుణ్ని రాసిన చేతికి ఆ విలన్ తగడు.

సూపర్‌హీరో సినిమాకు మిగతా సినిమాలకు లేని ఇబ్బంది ఒకటుంది. నాయకుడు ఎంత బలవంతుడో ప్రేక్షకుడికి ముందే తెలుసు కాబట్టి, కొట్లాటలో గెలుపెవరిదన్న ఉత్కంఠ థియేటర్‌లో అడుగు పెట్టకముందే సగం చచ్చిపోయి ఉంటుంది. చాలామంది రచయితలు ఈ లోటును పూడ్చడానికి విలన్‌కు ఇంకా పెద్ద బలం ఇస్తారు. అతను కొండను ఎత్తితే వీడు రెండు కొండలు ఎత్తుతాడు, దాంతో గ్రాఫిక్స్ వాళ్లకు పని పెరుగుతుంది, కథ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. విలన్ తన వెంట తీసుకురావలసింది బలాన్ని కాదు, బలంతో తేలని పేచీని. నాయకుడు ఎన్ని పిడిగుద్దులు గుద్దినా ఆ పేచీ అలాగే మిగిలిపోవాలి. ప్రేక్షకుడు ఇంటికి మోసుకుపోయేది దాన్నే.

2008లో వచ్చిన 'ది డార్క్ నైట్'లో జోకర్‌ను గుర్తు చేసుకో. పోలీసుల విచారణ గదిలో బ్యాట్‌మ్యాన్ అతన్ని గోడకేసి కొడుతుంటాడు, అతను నవ్వుతుంటాడు. నగరంలో రెండు వేర్వేరు చోట్ల ఇద్దరు మనుషులు చావు ముంగిట ఉన్నారు, చేరుకునే వ్యవధి ఒక్కరి దగ్గరికే ఉంది, ఆ రెండు చిరునామాలూ చెప్పవలసినవాడు జోకరే. వాటిని కూడా అతను తారుమారు చేసి చెబుతాడు. అంత బలమూ, అంత డబ్బూ, అంత సాధనా ఉన్న బ్యాట్‌మ్యాన్ ఆ గదిలో చేయగలిగింది ఏమీ లేదు. హీత్ లెడ్జర్‌కు మరణానంతరం 2009లో ఆస్కార్ వచ్చిందంటే అతని నటన గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు, కానీ ఆ నటనకు నిలబడే చోటు ఇచ్చింది మాత్రం రచన. విలన్‌కు కన్నీటి గతం లేకపోతే జనం పట్టించుకోరని నీతో ఎవరైనా అంటే ఇదే పాత్రను చూపించు. తన నోటి పక్కన గాట్లు ఎలా పడ్డాయో జోకర్ రెండు చోట్ల రెండు వేర్వేరు కథలు చెబుతాడు, రెండింటిలో ఏది నిజమో సినిమా ఎక్కడా తేల్చదు.

బలంతో తేలని పేచీ అంటే ప్రతిసారీ నగరమంత పెద్దదే కానక్కరలేదు. 2017లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్'లో మైఖేల్ కీటన్ వేసిన వల్చర్ పాత్రకు పెద్ద లోహపు రెక్కలు ఉంటాయి, ఆకాశంలో పోరాటాలూ ఉంటాయి, వాటిలో నాకు ఒక్కటి కూడా సరిగ్గా గుర్తు లేదు. గుర్తున్నదల్లా కారులో నడిచే సన్నివేశం. స్పైడర్‌మ్యాన్ అయిన కుర్రవాడు పీటర్ డ్యాన్సుకు తీసుకువెళ్లడానికి తోటి విద్యార్థిని ఇంటికి వెళ్తాడు. తలుపు తీసిన తండ్రి ఎవరో కాదు, తాను వెంటాడుతున్న దొంగ, ఆ వల్చరే. ఆయన ఇద్దరినీ కారులో ఎక్కించుకుని బయలుదేరతాడు. ముందు సీట్లో కూతురు ఏమీ తెలియక కబుర్లు చెబుతూ ఉంటుంది, వెనక సీట్లో పీటర్ బిక్కచచ్చి కూర్చుంటాడు, ఆ అమ్మాయి మాటల్లోంచి ఒక్కొక్క ముక్కా ఏరుకుంటూ ఆ తండ్రి అద్దంలో కుర్రవాణ్ని చూస్తాడు. ఎర్ర సిగ్నల్ దగ్గర కారు ఆగుతుంది. ఈ కుర్రవాడే స్పైడర్‌మ్యాన్ అని ఆయనకు అర్థమైపోయిన క్షణానికే సిగ్నల్ మారి ముఖం మీద ఎరుపు పోయి ఆకుపచ్చ కాంతి పడుతుంది. డ్యాన్సు జరిగే చోటికి చేరాక కూతుర్ని ముందుగా లోపలికి పంపి, చేతిలో తుపాకీ పెట్టుకుని, తన బిడ్డ ప్రాణం కాపాడినందుకు పీటర్‌కు కృతజ్ఞత చెబుతాడు. ఇకపై తన దారికి అడ్డు వస్తే చంపేస్తానని కూడా అదే గొంతుతో చెబుతాడు. రెక్కలు లేవు, పేలుళ్లు లేవు. ఆ కారును ఒంటి చేత్తో ఆపగలిగిన కుర్రవాడు నోరు మెదపలేక కూర్చున్నాడు, ఎందుకంటే ఇప్పుడు ఆ దొంగను పట్టుకోవడమంటే తాను ఇష్టపడిన అమ్మాయి ఇల్లు కూల్చడమే. నీ స్క్రిప్టులో విలన్, నాయకుడు ఒకే గదిలో ప్రశాంతంగా కూర్చున్న సన్నివేశం ఒక్కటి కూడా లేదు. అటువంటిది ఒకటి రాసి తీరాలి.

మన పక్కనే కేరళ నుంచి 2021లో వచ్చిన 'మిన్నల్ మురళి' చూశావని అనుకుంటాను. బాసిల్ జోసెఫ్ తీసిన ఆ సినిమాలో ఒకే రాత్రి ఇద్దరి మీద పిడుగు పడుతుంది, ఇద్దరికీ శక్తులు వస్తాయి. ఒకడు ఊరు అంతో ఇంతో తనవాడనుకునే దర్జీ కొడుకు. రెండోవాడు షిబు, టీ కొట్టులో పని చేసే, ఊరంతా పిచ్చివాడని దూరం పెట్టిన మనిషి. షిబు బ్యాంకు దోచుకునేది తాను ఏళ్లుగా ప్రేమించిన ఉష బిడ్డ వైద్యం కోసం. ఉష చివరికి తనతో బతకడానికి ఒప్పుకున్నప్పుడు గురు సోమసుందరం నవ్వూ ఏడుపూ కలిసిపోయిన ఆ ముఖంతో నిలబడిన తీరు చూస్తే, ఆ మనిషి చేసిన నేరాలన్నీ తెలిసి కూడా అతనికి ఈ ఒక్కటీ దక్కాలని మనసు కోరుకుంటుంది. జాలి చూపించడం వేరు, తప్పు మాఫీ చేయడం వేరు. షిబు చేతుల్లో పోయిన ప్రాణాలను ఆ సినిమా దాచిపెట్టలేదు, అందువల్లనే ఆ జాలి చవకబారుగా లేదు. ఆ పిడుగు పడిన రాత్రి ఊరు ఆ ఇద్దరినీ ఒకే కంటితో చూసి ఉంటే కథ ఎటు పోయేదన్న ప్రశ్నకు ఏ బలవంతుడి దగ్గరా సమాధానం లేదు.

ఇక నీ కథలోకి వద్దాం, నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇక్కడే. నీ విలన్ ఆనకట్టను పేల్చాలనుకోవడానికి నువ్వు చూపిన కారణం అధికార దాహం. శ్రీశైలాన్ని ఎంచుకున్నావు, ఆ నీళ్ల అడుగున ఏముందో మాత్రం చూడలేదు. ఆ జలాశయం కోసం 1980ల మొదట్లో కృష్ణా, తుంగభద్రల ఒడ్డున ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించి తిరిగి కట్టారు. ఇళ్లను అలా ఎవరూ తరలించలేదు. నీ విలన్ అటువంటి ఒక ఊరిలో పుట్టినవాడు ఎందుకు కాకూడదు? అతని చిన్నప్పుడు ఊరు మునిగింది, పరిహారం డబ్బు ఏడాది తిరక్కుండా కరిగిపోయింది, పట్నానికి వచ్చిన తండ్రి కూలికి పోతూ పోయాడు. ఇప్పుడు అతను ఆనకట్ట బద్దలు కొడతానంటే ప్రపంచాన్ని ఏలడానికి కాదు, తన ఊరిని తిరిగి పైకి తేవడానికి.

నాయకుడి తల్లికి పాణ్యం దగ్గర మడి ఉందని నువ్వే రాశావు. ఆ మడికి పారేవి ఏ నీళ్లు? పోతిరెడ్డిపాడు దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి మళ్లి, ఎస్సార్బీసీ, అంటే శ్రీశైలం కుడి కాలువ మీదుగా వచ్చే నీళ్లే. అంటే విలన్ ఊరు మునిగింది కాబట్టే నాయకుడి ఇంట్లో అన్నం ఉడికింది. ఈ మాట విలన్ నోట ఒక్కసారి, అరవకుండా, ఆ తల్లి ముందే రావాలి. అప్పుడు నీ నాయకుడి కండబలం ఎందుకు పనికొస్తుంది? ఆనకట్టకు పగులు వస్తే వీపు ఆనించి ఆపగలడు, దిగువన నాగార్జునసాగర్ దాకా ఉన్న జనాన్ని కాపాడగలడు, ఆ మనిషికి మాత్రం ఏమని జవాబు చెబుతాడు? 2018 నాటి 'బ్లాక్ పాంథర్'లో కిల్‌మాంగర్ అంతగా నిలిచిపోవడానికి కారణం ఇటువంటిదే. వకాండా రాజు టిచాకా తన తమ్ముణ్ని 1992లో ఓక్లాండ్‌లో చంపి, అతని కొడుకును అక్కడే వదిలేసి వెళ్లాడు; ఆ కొడుకే కిల్‌మాంగర్. తప్పు నాయకుడి తండ్రిది, ఇంటి పునాదిలోనే ఉంది. పోరులో టిచాకా కొడుకైన నాయకుడు టిచాలా గెలుస్తాడు, వాదంలో ఓడిపోతాడు. ఆ ఓటమిని ఒప్పుకున్నాడు కాబట్టే చివర్లో వకాండా తలుపులు లోకానికి తెరుస్తాడు. కిల్‌మాంగర్‌గా మైఖేల్ బి. జోర్డన్ ఎంత బాగా చేసినా, నాయకుడి చేత దారి మార్పించిన సంగతి లేకపోతే ఆ పాత్రకు ఆ బరువు వచ్చేది కాదు.

విలన్ గతాన్ని ఫ్లాష్‌బ్యాకులో వాయిస్ ఓవర్ పెట్టి చెప్పించవద్దు. అలంపురానికి తరలించిన ఆ కూడవెల్లి గుడి కాక, సంగమేశ్వరంలో ఉన్న గుడి ఏడాదిలో చాలాకాలం నీళ్లలో ఉండి, వేసవిలో జలాశయం తగ్గినప్పుడు బయటపడుతుంది. ఆ చుట్టుపక్కల బురద ఎండి నెర్రెలు విచ్చిన నేల మీదికి నీ విలన్‌ను ఒంటరిగా తీసుకువెళ్లు. అతను అడుగులతో కొలుస్తూ నడవాలి. ఒకచోట ఆగి చెప్పులు విడిచి, లేని గడప దాటినట్టు కాలు ఎత్తి వేయాలి, పది అడుగులు వేసి పశువుల కొట్టం ఉన్న చోట కూర్చోవాలి. అతని అనుచరులు దూరంగా జీపు దగ్గర నిలబడి ఏమీ అర్థం కాక చూస్తూ ఉండాలి. మాట అవసరం లేదు. ఈ సన్నివేశం ఇంటర్వెల్‌కు ముందే వస్తే, ఆ తర్వాత అతను చేసే ప్రతి ఘోరమూ ప్రేక్షకుడికి రెండింతలు బాధ కలిగిస్తుంది. ఘోరాలు తగ్గించమని నేను అనడం లేదు. 2009 అక్టోబరులో వరద కర్నూలును ముంచినప్పుడు నీళ్లు దిగిపోయాక ఇళ్లలో మిగిలిన ఒండ్రును చూసినవాళ్లం మేము; ఊరు మునగడమంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు. అటువంటి నీటిని ఆయుధంగా ఎత్తినవాణ్ని ఈ ఊరి ప్రేక్షకుడు క్షమించడు, కానీ మరచిపోడు కూడా.

వేషధారణ గురించి నువ్వు మూడు పేజీలు రాశావు. అది ఆర్ట్, కాస్ట్యూమ్ విభాగాల వాళ్లు చూసుకుంటారు, తీసేయి.

భాష గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. 1990ల చివరి నుంచి వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల పుణ్యమా అని మన సీమ యాస తెర మీద విలన్‌కు గుర్తుగా మారిపోయింది. నాయకుడు పుస్తకాల తెలుగు మాట్లాడతాడు, కత్తి పట్టినవాడు మన తెలుగు మాట్లాడతాడు. కడప జిల్లా బిడ్డవైన నువ్వు కూడా అదే దారిలో నడవడం చూసి నిజంగా నొచ్చుకున్నాను. నీ స్క్రిప్టులో హమాలీ కుర్రవాడి మాటలో నంద్యాల ఎక్కడా వినిపించదు. అతనికి, వాళ్లమ్మకు, యార్డు గుమస్తాకు, పోలీసుకు, విలన్‌కు అందరికీ ఈ నేల మాటే ఇవ్వు. అప్పుడు విలన్ భయం పుట్టించడానికి యాస మీద ఆధారపడలేడు, తన ఆలోచనతోనే భయపెట్టవలసి వస్తుంది, దానివల్ల నీ రచన కూడా పదునెక్కుతుంది.

మన సినిమాలోనే దీనికి పాత పాఠం ఒకటుంది. మన తాడిపత్రి ప్రాంతం నుంచి వెళ్లిన కె.వి.రెడ్డి 1951లో తీసిన 'పాతాళ భైరవి'లో ఎస్.వి.రంగారావు వేసిన నేపాళ మాంత్రికుణ్ని చూడు. అతనికి నాయకుడితో పగ లేదు, అవసరం ఉంది. బలి ఇవ్వడానికి సాహసవంతుడైన యువకుడు కావాలి, అందుకే తోట రాముణ్ని వెతుక్కుంటూ వచ్చి, ఆశ పెట్టి, ప్రోత్సహించి, వెంట నడిపించుకు వెళ్తాడు. ఇద్దరూ ఒకే దారిలో నడుస్తుంటే ఆ నడకలోనే ప్రమాదం పెరుగుతూ పోతుంది. నీ కథలో విలన్‌కూ నాయకుడికీ క్లైమాక్స్ దాకా పరిచయమే లేదు. ఆనకట్ట గేట్లను కదిలించగల బలం కుర్రవాడికి తప్ప ఎవరికీ లేదనుకుందాం. అప్పుడు విలన్ అతన్ని చంపాలని చూడడు, తన వైపు తిప్పుకోవాలని చూస్తాడు, వాళ్ల ఇంటికి వస్తాడు, తల్లి వడ్డించిన జొన్నరొట్టె తింటాడు. పైన నేను అడిగిన ప్రశాంతమైన సన్నివేశం, ఆ నీళ్ల మాట, రెండూ ఆ భోజనం దగ్గరే వస్తాయి.

క్లైమాక్స్‌లో ఆనకట్ట మీద విలన్ చేత పేజీన్నర డైలాగు చెప్పించావు. అప్పటికి చెప్పవలసిందంతా జొన్నరొట్టె దగ్గర అయిపోయి ఉంటుంది గనుక అక్కడ నాలుగు మాటలు చాలు. అతన్ని నాయకుడు చంపకూడదన్నది నా అభిప్రాయం. ఆ కుర్రవాడు ఆనకట్టను నిలబెట్టాక ఆ మనిషిని ఏం చేస్తాడన్నది నువ్వే తేల్చుకో, ఎందుకంటే అది నీ నాయకుడి స్వభావాన్ని బట్టి రావాలి.

స్క్రిప్టు మొత్తం ఇప్పుడే తిరగరాయవద్దు. ముందు భోజనం సన్నివేశం ఒక్కటే రాసి పంపు. అది రాసే ముందు ఆత్మకూరు వైపు వెళ్లి, ముంపు ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దవాళ్లతో మాట్లాడు. ఊరు వదిలిన రోజు బండిలో ఏం వేసుకున్నారు, ఏం వదిలేశారు అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకో. నీ విలన్ మాట్లాడవలసిన వాక్యాలు వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి