అమెరికా, కెనడా కస్టమర్లకు ఆఫర్ మెయిళ్లు పంపే ముందు

చిరంజీవి శ్రీలతకు,

పచ్చళ్ల ఆఫర్ల గురించి అమెరికా, కెనడాల్లోని కస్టమర్లకు మెయిళ్లు పెడతావని మీ నాన్న చెప్పాడు. మన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనలు ఫోన్లకీ ఎస్సెమ్మెస్‌లకీ తప్ప మెయిళ్లకు లేవు. అందుకే మనవాళ్లు ఈ సంగతి పెద్దగా పట్టించుకోరు. నువ్వు గుంటూరు నుంచి పంపినా చూసేది అక్కడి చట్టమే. ముందు రెండు దేశాలవాళ్లనీ విడదియ్యి. మెయిల్ ఐడీని బట్టి దేశం తెలియదు, డెలివరీ చిరునామా చూడు.

అమెరికాలో 2004 జనవరి 1 నుంచి క్యాన్-స్పామ్ చట్టం ఉంది. అది ముందుగా అనుమతి అడగమనదు, వద్దన్నవాళ్లను వదిలెయ్యమంటుంది. పంపిందెవరో దాచకూడదు, ప్రకటన అని తెలియాలి, ఉత్తరం వేస్తే చేరే అసలు చిరునామా కింద ఉండాలి. ఎవరూ రాయని ఉత్తరానికి జవాబులా సబ్జెక్టు ముందు 'రీ:' తగిలించమని కొందరు నేర్పుతారు, ఆ జోలికి పోకమ్మా.

అసలు తంటా అన్‌సబ్‌స్క్రైబ్ లింకుతో, అంటే 'ఇక మెయిళ్లు వద్దు' అని చెప్పడానికి నొక్కే లింకుతో. మెయిల్ వెళ్లాక కనీసం 30 రోజులు అది పనిచెయ్యాలి. వద్దన్న 10 పనిదినాల్లో ఆపెయ్యాలి. మెయిల్ ఐడీ తప్ప ఇంకే వివరమూ అడగకూడదు, లాగిన్ అవ్వమనకూడదు. వద్దన్నవాళ్లను జాబితాలోంచి కొట్టేసి ఊరుకోకు. వచ్చే నెల ఆర్డర్ల ఎక్సెల్ ఫైలు ఎక్కించగానే ఆ ఐడీ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. 'పంపకూడనివారు' అని విడిగా ఒక జాబితా పెట్టి, ప్రతిసారీ దానితో సరిచూసుకో. మెయిల్ సర్వీసు మారితే ముందు దాన్నే తీసుకెళ్లు. పాత ఖాతా వెంటనే మూసేస్తే పాత మెయిళ్లలోని లింకులు పనిచెయ్యవు, 30 రోజుల నిబంధన తప్పినట్టే. ఏజెన్సీకి అప్పగించినా బాధ్యత నీదే. జరిమానా ఒక్కో మెయిలుకు 50 వేల డాలర్లు దాటొచ్చు.

పార్సిల్ బయలుదేరిందని చెప్పే మెయిల్‌కు ఈ నిబంధనల్లో చాలావరకు మినహాయింపు ఉంది. అయితే సబ్జెక్టులో ఆఫర్ పెట్టి, పార్సిల్ కబురు అట్టడుగున రాస్తే అదీ ప్రకటన కిందికే వస్తుంది. ఆర్డర్ సంగతి పైన ఉండాలి.

కెనడాది పూర్తిగా వేరే దారి. 2014 జులై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ముందు అనుమతి కావాలి, అది ఉందని రుజువు చేసుకోవాల్సింది నువ్వే. కొన్నవాళ్లకు కొన్న రోజు నుంచి 2 ఏళ్లు, వివరాలు అడిగి ఊరుకున్నవాళ్లకు 6 నెలలు అనుమతి ఉన్నట్టే లెక్క. ఆ గడువు దాటాక 'మీకు మెయిళ్లు పంపమంటారా' అని అడిగే మెయిల్ కూడా ప్రకటనే అవుతుంది! కాబట్టి గడువులోపే అడుగు. వెబ్‌సైట్లో టిక్ పెట్టే గడి ఖాళీగా ఉంచు, వాళ్లే టిక్ పెట్టాలి. ఏ తేదీన, ఏ ఫారంలో, ఏ మాటలకు ఒప్పుకున్నారో దాచిపెట్టు. కెనడాకైతే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు 60 రోజులు పనిచెయ్యాలి. కంపెనీలకు జరిమానా కోటి కెనడా డాలర్ల దాకా ఉంది.

'అమెరికా తెలుగువాళ్ల మెయిల్ ఐడీలు' అని ఎవరైనా అమ్మజూపితే కొనకు. కెనడాకు అవి పనికిరావు. అమెరికా చట్టం ఊరుకున్నా జీమెయిల్ ఊరుకోదు: స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరితే నీ ఆర్డర్ రసీదులు కూడా స్పామ్‌లో పడొచ్చు. మొదటి విడత ఈ ఏడాది కొన్నవాళ్లకే పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న