షోకేసులో పన్నెండు ఎండాకాలాలు

ప్రశ్న ఇది: "ఇంట్లో పదేళ్ల నుంచి ఒక వైట్ వైన్ సీసా దాచి ఉంచాం. ఇప్పుడు తాగొచ్చా? పాతదైన కొద్దీ రుచి పెరుగుతుందంటారు, నిజమేనా?"

పెరగదు. మీ సీసాను చూడకుండానే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా సీసాను చూశాను.

మాది హనుమకొండ. 2010 డిసెంబరులో మా బావమరిది ప్యారిస్ నుంచి వస్తూ షాబ్లీ అనే ఫ్రెంచి వైట్ వైన్ సీసా ఒకటి తెచ్చాడు. లేబుల్ మీద 2008 అని ఉంది. ఏ ద్రాక్షతో చేశారో మాత్రం ఎక్కడా లేదు. షాబ్లీ అని రాశారంటే అది షార్డొనే ద్రాక్షేనని, వేరేగా చెప్పక్కర్లేదని నాకు తెలిసేసరికి పదేళ్లు పట్టింది. ఇస్తూ ఇస్తూ "బావా, మంచి సందర్భం చూసి తెరువు" అన్నాడు. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

గృహప్రవేశం వచ్చింది. ఇంటినిండా అయ్యగార్లు, తెరవలేదు. బిడ్డ పదో తరగతి పాసైంది. "పిల్ల పాసైతే నువ్వు మందు తాగుతవా?" అని అమ్మ తిట్టింది, తెరవలేదు. అట్లా ఆ సీసా మా హాలు షోకేసులో, పాతికేళ్ల సర్వీసుకు ఆఫీసువాళ్లు ఇచ్చిన పెంబర్తి ఇత్తడి షీల్డు పక్కన నిలబడిపోయింది. అవును, నిలబడే ఉంది, పడుకోబెట్టలేదు. పడుకోబెడితే వైన్ తగులుతూ కార్క్ తడిగా ఉంటుందట. నిలబెడితే కార్క్ ఎండి, గాలి మెల్లగా లోపలికి పోతుందట. పైగా ఆ షోకేసు ఉన్నది పడమటి గోడకు. మే నెలలో మా దగ్గర 44 డిగ్రీలు. మధ్యాహ్నం కరెంటు పోతే గోడ మీద చెయ్యి పెట్టలేం. వైన్ దాచడానికి 12, 13 డిగ్రీల చల్లటి చీకటి గది కావాలంటారు. మేం దానికి పన్నెండు ఎండాకాలాలు చూపించాం.

2022 దసరా నాడు ముహూర్తం కుదిరింది. ఉర్సుగుట్ట జనంలోంచి బయటపడి, జమ్మి పంచుకుని, అందరం ఇంటికి చేరాం. మటన్ ఉడుకుతోంది. పరకాల నుంచి మా మేనమామ వచ్చాడు. బావమరిది కూడా ఊళ్లోనే ఉన్నాడు. ఇంతకన్నా మంచి సందర్భం ఇక రాదనిపించి సీసా తీసి ఫ్రిజ్‌లో పెట్టాం. తీరా చూస్తే కార్క్ తీసే మర ఎవరింట్లోనూ లేదు. చెక్కకు బిగించే స్క్రూ ఒకటి దింపి, కటింగ్ ప్లేయర్‌తో లాగాం. కార్క్ సగం విరిగి చేతికొచ్చింది, సగం పొడి పొడిగా లోపల పడింది. చివరికి చాయ్ జాలీతో వడపోశాం. ఫ్రాన్సువాళ్లు చూస్తే ఏడ్చేవాళ్లేమో.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను. మా తెలంగాణలో ప్రతి మందు దుకాణం బోర్డు మీదా 'వైన్స్' అనే ఉంటుంది. లోపల అడగండి, విస్కీ ఉంటుంది, బీరు ఉంటుంది, బ్రాందీ ఉంటుంది. వైన్ కావాలంటే మాత్రం కౌంటర్ అబ్బాయి మిమ్మల్ని వింతగా చూసి, పై అరలో ట్యూబ్‌లైట్ పక్కన దుమ్ము కొట్టుకుపోయిన సీసా ఒకటి దించుతాడు. అదీ నిలబెట్టిందే. ఆ దుకాణాల పుణ్యమా అని మనకు విస్కీ లెక్క తప్ప వేరే లెక్క తెలియదు. 'పాతది' అనగానే గొప్ప అనుకుంటాం. నిజానికి విస్కీ కూడా పీపాలో ఉన్నంతకాలమే ముదురుతుంది, సీసాలో పడ్డాక దాని వయసు అక్కడే ఆగిపోతుంది. వైన్ అట్లా కాదు, సీసాలో కూడా మారుతూనే ఉంటుంది. బాగుపడేవి కొన్నే, ముసలివై పోయేవే ఎక్కువ. ఎర్ర వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి, వాటిలోని వగరు దాన్ని కొంత కాపాడుతుంది. వైట్ వైన్‌కు రసం పిండి తొక్కలు ముందే తీసేస్తారు, ఆ కవచం ఉండదు. నాసిక్ వైట్ వైన్లయితే కొన్న ఏడాదిలో తాగేయండి. దాచి సాధించేదేమీ లేదు.

సరే, దసరాకు వద్దాం. గాజు గ్లాసులో పోస్తే లేత పసుపు పచ్చగా ఉండాల్సింది కాస్తా నువ్వుల నూనె రంగులో దిగింది. మా అమ్మ దూరం నుంచే చూసి "పాత చింతపండు తీర్గ నల్లబడ్డది" అంది. సరిగ్గా అదే! కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది, ఏళ్లు గడిస్తే నల్లబడుతుంది. వైట్ వైన్ కూడా ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది. విచిత్రంగా ఎర్ర వైన్ పాతబడితే వెలిసిపోతుంది.

ఫ్రిజ్‌లోంచి తీయగానే ఏ వాసనా లేదు. బావమరిది మొహం వెలిగింది. "చూసినవా బావా, ఏం కాలేదు" అన్నాడు. పది నిమిషాలకు గ్లాసు చల్లదనం తగ్గింది. అప్పుడు పైకొచ్చింది అసలు సంగతి. కోసి మరిచిపోయిన ఆపిల్ ముక్క గోధుమ రంగుకు తిరిగాక ఎట్లా ఉంటుందో ఆ వాసన, దాని వెనక నుంచి సన్నగా సిర్కా, అదే వెనిగర్. నోట్లో పెట్టుకుంటే మొదట పులుపు, తర్వాత ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు, పండు ఎటు పోయిందో తెలియదు. మింగాక నాలుక చివర చేదు మిగిలింది. రెండో గుక్కలో మాత్రం ఒక్క క్షణం వేయించిన బాదం రుచి తగిలిందని నేను ఇప్పటికీ అంటాను. మా ఆవిడ అది పక్కన ప్లేటులోని జీడిపప్పు అంటుంది.

మా మేనమామ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీల్చాడు. నలభై ఏళ్లుగా ఈత కల్లు తాగుతున్న ముక్కు అది.

"అల్లుడా, గిది మాపటి కల్లురా. పొద్దుగాల తాగాల్సింది."

పొద్దున లొట్టి దించినప్పుడు తియ్యగా ఉన్న కల్లు, మధ్యాహ్నానికి ఘాటెక్కి, మాపటికి పుల్లబడుతుంది. గాలి తగిలేకొద్దీ సారా గుణం పోయి సిర్కా గుణం వస్తుంది. మా సీసాలో జరిగిందీ దాదాపు అదే, కాకపోతే కల్లుకు ఒక పూట పట్టింది, దీనికి పన్నెండేళ్లు పట్టింది. ఫ్రెంచి లేబుల్ చూసి నేను కనిపెట్టలేనిది మామ ఒక్క పీల్పుతో తేల్చేశాడు. వైన్ రుచి చూడటం నేర్పే కోర్సులకు వేలకు వేలు కట్టేవాళ్లు ఒక వారం ఈతవనంలో కూర్చుంటే చాలని నా గట్టి నమ్మకం.

మీరు అడిగింది తాగొచ్చా అని కదా. తాగితే ఏమీ కాదు. పులుపూ, పన్నెండు శాతం దాకా ఆల్కహాలూ ఉన్నచోట రోగాలు తెచ్చే క్రిములు బతకడం కష్టం. ఆ రాత్రి నాకు కడుపులో మంట వచ్చిన మాట నిజమే, కానీ అది మటన్ వల్ల. కార్క్ పైకి ఉబ్బినా, సీసా మెడ దగ్గర వైన్ మట్టం కిందికి దిగినా ఆశలు పెట్టుకోకండి. మాది రెండు వేళ్లు దిగింది, పన్నెండేళ్లలో ఒక్కరం గమనించలేదు.

మిగిలిన ముప్పావు సీసా సింకులో పోయబోతుంటే అమ్మ ఆపింది. ద్రాక్షలో, చింతపండులో ఉండేది ఒకే ఆమ్లం, టార్టారిక్ ఆమ్లం. ఆ సంగతి అమ్మకు తెలియదు, పుల్లటిదేదైనా ఇత్తడి తోముతుందని మాత్రం తెలుసు. మర్నాడు పీచు ముంచి షీల్డు తోమింది. నా పేరు మళ్లీ కనబడింది.

"చింతపండంత రాలే" అంది, షీల్డును కొంగుతో తుడుస్తూ.